మొదటి మేకు

ఎస్తరమ్మ సంపాదించిన టోకెన్లన్నీ చివరికి చేరేది విశాలమ్మ ఇంటి గల్లాపెట్టెలోకే. అయినా ఎస్తరమ్మ పేరు వింటే చాలు, విశాలమ్మకు కడుపులో మంట లేచేది. ఇదేం న్యాయమని నన్నడిగితే నేను చెప్పలేను. అసూయ న్యాయాన్యాయాలు విచారించుకుని పుడుతుందా?

విశాలమ్మ భర్త వెంకటేశయ్యది బంగారు గనుల ఊరు కోరమండల్‌లో కిరాణా కొట్టు. కొట్టు ముందు నిలబడి తలెత్తితే సైనైడ్ దిబ్బ కనిపిస్తుంది. గనులు నడిచినన్నాళ్ళూ రాయిని పిండి కొట్టి, బంగారం తీసుకుని, మిగిలిన పిండిని అక్కడ పోశారు. గనులు మూతబడి ఇరవై ఏళ్ళు దాటింది, దిబ్బ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆషాఢంలో గాలి లేచిందంటే ఆ పిండి ఊరి మీదికి వస్తుంది. ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని కాఫీలో, ఉయ్యాల్లో పిల్లల కళ్ళల్లో అదే దుమ్ము. ఊళ్ళో దగ్గు లేని ఇల్లు లేదు.

పోయిన ఏడాది ఆ దుమ్మును ఆపడానికి పచ్చగట్టు సంఘం అని ఒకటి బయల్దేరింది. పొగ వదిలే పెద్ద పెద్ద కంపెనీలు పాపం కడుక్కోవడానికి డబ్బిస్తాయట, ఆ డబ్బుతో నడుస్తుందట. దిబ్బ వాలును పట్టీలుగా కోసి, ఇంటికొక పట్టీ ఇచ్చారు. కానుగో వేపో నాటాలి. నెలకోసారి సంఘం తరఫున ధన్య అనే అమ్మాయి తమక అనే ఊరి నుంచి స్కూటర్ మీద వచ్చి, బతికున్న మొక్కలు లెక్కపెట్టి, అందుకు తగ్గ టోకెన్లు ఇస్తుంది. ఆ టోకెన్లు వెంకటేశయ్య కొట్లో ఇస్తే బియ్యమో, నూనో, సబ్బో ఇస్తాడు. కొట్టుకు సంఘం డబ్బు కడుతుంది.

మొదట టోకెన్లను ఫోన్లో వేస్తామన్నారు. గనిలో పనిచేసి రిటైరైన అమృతరాజు ఒప్పుకోలేదు.

"ఫోన్లో యాడుంటాదమ్మా అది? మేము గనిలోకి దిగేటప్పుడు ఇత్తడి టోకెన్ చేతికిచ్చేవాళ్ళు. పైకొచ్చినాక తిరిగి ఇస్తే బోర్డుకు తగిలించేవాళ్ళు. మేకు ఖాళీగా ఉండాదంటే మనిషి లోపలే ఉండాడని అర్థం. అట్లా కంటికి కనిపించాల," అన్నాడు.

అంతే, ఇత్తడి బిళ్ళలు పోయించారు. వెంకటేశయ్య కొట్టు గోడకు ఒక చెక్క బోర్డు కూడా బిగించారు. ఇంటికొక పెద్ద బిళ్ళ, దాని మీద ఆ ఇంటి ఆడమనిషి పేరు. ఏ పట్టీలో ఎక్కువ మొక్కలు బతికితే ఆ ఇంటి బిళ్ళ మొదటి మేకుకు, ఆ తర్వాతిది రెండో మేకుకు, అలా కింది దాకా. గనిలో ఉన్న కట్టుబాటే ఇక్కడా పెట్టాడు అమృతరాజు. ఎవరి బిళ్ళ వాళ్ళే తగిలించుకోవాలి, వాళ్ళే తీసుకోవాలి. ఒకరి బిళ్ళ మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు.

మొదటి నెల మొదటి మేకు ఎస్తరమ్మది. రెండో నెలా ఆమెదే. ఇక ఆ బిళ్ళ అక్కడి నుంచి కదల్లేదు.

ఎస్తరమ్మ అమృతరాజుకు వదిన. భర్త పోయి చాలా కాలమైంది. గని కూలీల వరస ఇళ్ళు, లైన్లంటారు, అక్కడ ఒక రేకుల ఇంట్లో ఉంటుంది, పొద్దున ఇడ్లీలు వేసి అమ్ముతుంది, ఆదివారం చర్చిలో పాడుతుంది. వయసు విశాలమ్మంతే. అందగత్తె ఏమీ కాదు. ఈ సంగతి విశాలమ్మ చాలాసార్లు పరీక్షగా చూసి నిర్ధారించుకుంది.

అసలు సంగతి బోర్డు కాదు, కొట్టు. వెంకటేశయ్య ఇంట్లో మాటలకు కరువు మనిషి. సాంబార్లో ఉప్పు సరిపోయిందా అంటే తల ఊపుతాడు. ఆ ఊపు అవుననో కాదనో కనుక్కోవడానికి విశాలమ్మకు పెళ్ళయ్యాక ఐదారేళ్ళు పట్టింది. అలాంటి మనిషి ఎస్తరమ్మ టోకెన్లు పట్టుకుని కొట్టుకొస్తే మారిపోయేవాడు. "రామ్మా ఎస్తరమ్మా, ఏం పెట్టినావు ఈ వారం, కానుగా వేపా?" అని మొదలుపెట్టి, వేర్ల గురించీ నీళ్ళ గురించీ చెమట పట్టేదాకా మాట్లాడేవాడు. బియ్యం తూచి, ఇంకో గుప్పెడు పైన వేసేవాడు. తెర వెనక నుంచి విశాలమ్మ ఆ గుప్పెడు చూసేది. బియ్యానిదేముంది, ఇంటి నిండా మూటలే. తనకు లేని మాటలు ఈమెకు ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తున్నాయన్నదే ఆమె బాధ.

ఒక రోజు ఉండబట్టలేక అడిగేసింది. "ఏమయ్యా, ఆమెతో అంత మాటాడేదానికి ఏముంటాది నీకు?"

"మొదటి మేకు ఆమె. మాటాడొద్దా?" అన్నాడు వెంకటేశయ్య.

ఆ మాటతో విశాలమ్మ తనకూ ఒక పట్టీ కావాలని సంఘానికి కబురు పెట్టింది. శెట్టిగారి భార్యకు టోకెన్ల బియ్యం దేనికని లైన్లంతా నవ్వుకున్నారు. ఆమెకు కావలసింది బియ్యం కాదు. జూన్ ఐదున, పర్యావరణ దినం నాడు, సంఘానికి ఏడాది నిండుతుంది. ఆ రోజు మొదటి మేకుకు ఎవరి బిళ్ళ ఉంటే వాళ్ళ పేరు దిబ్బ కింద రాతి మీద చెక్కిస్తామన్నారు. ఆ రోజుకు తన బిళ్ళ ఎస్తరమ్మ బిళ్ళకు పైన ఉండాలి. తన భర్త తన ఎదుట నిలబడి, ఏం పెట్టినావు ఈ వారం అని అడగాలి. ఇంతకు మించి ఆమె ఏ దేవుణ్ణీ ఏమీ కోరలేదు.

ఆమె పద్ధతి ఆమెది. కూలీలను పెట్టింది. ట్యాంకర్ తెప్పించింది. పేడ ఎరువు బండ్లకొద్దీ తోలించింది. తను మాత్రం గొడుగు వేసుకుని దిబ్బ కిందే నిలబడి కేకలు వేసేది, ఎందుకంటే వాలు ఎక్కితే ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ట్యాంకర్ నీళ్ళు ఒక్కసారిగా వదిలేసరికి పిండిమట్టి జారి, ఎరువుతోపాటు మొక్కలూ కిందికొచ్చాయి. మళ్ళీ నాటించింది. శివరాత్రి వచ్చేసరికి పట్టీలో పచ్చగా ఉన్నది కూలీలు మరిచిపోయిన తువ్వాలు ఒక్కటే. విశాలమ్మ బిళ్ళ చివరి మేకుకు వేలాడింది. కొట్టుకు ఉప్పు కోసం వచ్చినవాళ్ళు కూడా దాన్ని చూసి, తర్వాత ఆమె వైపు చూసేవాళ్ళు.

ఒకసారి ఎస్తరమ్మే అంది. "శెట్టమ్మా, బేజారు చేసుకోవద్దు. నేనొకసారి వచ్చి చూడనా మీ పట్టీ?"

"ఏంటికి? మా కూలీలకు కండ్లు ఉండాయి," అంది విశాలమ్మ.

కూలీలకు కళ్ళున్నా లాభం లేకపోయిందని ఆ వారమే వాళ్ళను మానిపించేసింది. తిండి సహించేది కాదు. కొట్టు మూసే వేళకు వచ్చి బోర్డు ముందు నిలబడేది. ఎస్తరమ్మ, మేరీ, గంగులమ్మ, సొన్నమ్మ అని పేర్లు చదువుకుంటూ కిందికి వచ్చి, తన పేరు దగ్గర ఆగేది. అక్షరాలు మారతాయేమోనన్నట్టు చూసేది. వెంకటేశయ్య షట్టర్ పట్టుకుని నిలబడేవాడు.

ఉగాది తర్వాత అద్భుతం జరిగింది. ధన్య మొక్కలు ఎంచి వచ్చి, "ఆంటీ, మీ పట్టీలో చిగుర్లు వచ్చినాయి!" అంది. విశాలమ్మ గొడుగు వేసుకుని పరుగులాంటి నడకతో వెళ్ళి కింది నుంచి చూసింది. నిజమే. వాలు మీద పచ్చటి చుక్కలు. ఎరువు ఇప్పటికి పట్టిందనుకుంది. కోలారమ్మకు మొక్కుకున్న చీర పని చేసిందనుకుంది. ఆ నెల ఆమె బిళ్ళ నాలుగు మేకులు పైకెక్కింది. ఆమె స్వయంగా స్టూల్ వేసుకుని ఎక్కి మార్చుకుంది. తర్వాతి నెల ఇంకా పైకి. సొన్నమ్మను దాటింది, గంగులమ్మను దాటింది, మేరీని దాటింది. ఇప్పుడు ఆమె పైన ఉన్నది ఒక్క బిళ్ళే.

చివర్లో ఉన్నప్పుడు ఉన్న అసూయ కంటే రెండో మేకుకు వచ్చాక కలిగిన అసూయ ఘాటైనది. చివర్లో ఉన్నవాడికి ముందు చాలామంది ఉంటారు, కోపం అందరికీ తలా కొంచెం పంచవచ్చు. ఇప్పుడు ఉన్నదంతా ఒక్క ఎస్తరమ్మకే.

మనిషి అలా కాచుకుని కూర్చుంటే ఏదో ఒకటి కంట పడకుండా ఉంటుందా? పడింది. వెంకటేశయ్య చెప్పులు. షుగర్ ఉందని ఆయన తెల్లవారగానే వాకింగ్ అని బయల్దేరుతున్నాడు. రోడ్డు మీద నడిచే మనిషి చెప్పులకు ఎర్రమట్టి అంటాలి. ఈయన చెప్పులకు తెల్లటి పిండి. గోళ్ళలో కూడా.

"యాడికి పోతా ఉండావు వాకింగు?"

"ఆ పక్కకే," అన్నాడు వెంకటేశయ్య, కాఫీ గ్లాసులోకి చూస్తూ.

ఆ పక్క ఏ పక్కో విశాలమ్మకు తెలిసిపోయింది. వైశాఖంలో గుడి ప్రసాదమని పానకమూ పెసరపప్పు కోసంబరీ ఇచ్చే నెపంతో ఎస్తరమ్మ ఇంటికి వెళ్ళింది. పెరట్లో కుళాయి పక్కన పాల ప్యాకెట్లలో కానుగ మొక్కలు వరసలు వరసలుగా ఉన్నాయి. పట్టీ నిండా మొక్కలున్న మనిషికి ఇంటి దగ్గర ఇన్ని ఎందుకు? అప్పటికి ఏమీ అనలేదు. వారం పోయాక పానకం చెంబు తీసుకోవడానికి మళ్ళీ వెళ్ళి చూస్తే, వరసల్లో సగం ఖాళీ.

ఇక లెక్క తేలిపోయింది. సంఘం రూలు ఒకటుంది. మొక్క చస్తే ఆ చోట కొత్తది నాటొచ్చు, కానీ చెప్పి నాటాలి. కొత్త మొక్క ఎండలు తట్టుకుని నిలబడేదాకా దానికి టోకెన్ లేదు. చెప్పకుండా మార్చినవాళ్ళ బిళ్ళ బోర్డు నుంచి దిగిపోతుంది, ఒక ఏడాది పాటు తిరిగి ఎక్కదు. ఎస్తరమ్మ చచ్చిన మొక్కల చోట దొంగచాటుగా కొత్తవి పెడుతోంది. తన భర్త తెల్లవారుజామున లేచి వెళ్ళి ఆమెకు నీళ్ళు మోస్తున్నాడు. అందుకే మొదటి మేకు. అందుకే ఆ గుప్పెడు బియ్యం.

విశాలమ్మ ఆ రోజు వంట చేయలేదు. మరుసటి రోజు ధన్య కొట్టుకు రాగానే పక్కకు పిలిచింది. మొగుడి సంగతి ఎత్తలేదు. అది ఎత్తితే నవ్వేది ఊరు.

"ఎస్తరమ్మ చచ్చిన మొక్కలు పీకేసి కొత్తవి పెడతా ఉండాది. తెల్లారి పోయి చూడండి, మీకే తెలుస్తాది. మొదటి మేకు ఊరకే రాదమ్మా."

ధన్య మొహం వాడిపోయింది. "ఎస్తరమ్మ ఆంటీనా? ఖచ్చితంగా తెలుసా ఆంటీ మీకు? తప్పయితే ఆమెకు ఎంత అవమానం."

"తప్పయితే నా బిళ్ళ నేనే తీసేస్తాను, పో," అంది విశాలమ్మ.

సంఘానికి పెద్ద అమృతరాజే కాబట్టి ధన్య ఆయనకు చెప్పింది. ఫిర్యాదు ఆయన వదిన మీదే. అయినా ఆయన, "పోదాం. వదినైతే మాత్రం ఏమి, చూసేది చూడాల్సిందే," అన్నాడట.

తెల్లవారీ వారకముందే ముగ్గురూ దిబ్బ దగ్గరికి చేరారు. విశాలమ్మను ఎవరూ రమ్మనలేదు. తన కళ్ళతో చూడకపోతే ఆ మంట చల్లారదని ఆమే వచ్చింది. మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో, అమృతరాజు కంటే ముందు వాలు ఎక్కింది.

ఎస్తరమ్మ పట్టీలో ఎవరూ లేరు. మొక్కలు మాత్రం ఏపుగా ఉన్నాయి. ఏడాదిగా పాతుకుని, మొదలు ఊరినవి. అమృతరాజు ఒకటి పట్టుకుని ఊపి చూశాడు, కదల్లేదు. ధన్య ఊపిరి పీల్చుకుంది. అప్పుడు అవతలి నుంచి దగ్గు వినిపించింది. ఆ దగ్గు విశాలమ్మకు బాగా తెలుసు. పక్కలో ముప్ఫై ఏళ్ళుగా వింటున్న దగ్గు.

రెండు పట్టీల అవతల వెంకటేశయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. పంచె మోకాళ్ళ పైకి కట్టాడు. చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. ఎండిపోయిన కానుగ మొక్కను పీకి పక్కన పడేసి, గుంట తవ్వుతున్నాడు. ఎస్తరమ్మ పాల ప్యాకెట్ చింపి, మొక్కను మట్టిగడ్డతో సహా ఆయన చేతికి అందిస్తోంది. పట్టీ మొదట్లో కర్రకు కట్టిన పేరు అందరికీ కనిపిస్తూనే ఉంది. విశాలమ్మ.

వెంకటేశయ్య తలెత్తి ముందు అమృతరాజును చూశాడు, తర్వాత ధన్యను చూశాడు. భార్యను చూశాక చేతిలోని మొక్కను కింద పెట్టేశాడు.

"ఎన్నాళ్ళుగా, అంకుల్?" అంది ధన్య.

"ఉగాది నుంచి," అన్నాడు ఆయన. "కొట్లో ఒక సరుకు అయిపోతే పక్కంగట్లో తెచ్చి ఇస్తాం గదమ్మా. వచ్చినోళ్ళను లేదని పంపించం. అట్లే అనుకున్నా నేను. ఈమె పట్టీలో సరుకు లేదు. ఎస్తరమ్మ దగ్గర ఉండాది. తెచ్చి పెట్టినాను. తప్పని తెలుసు."

"ఆయన్ని అనవద్దు," అంది ఎస్తరమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "మొక్కలు నావి. వద్దని చెప్పేది పోయి నేనే ఇచ్చినాను. ఇంగేం చేసేది? ఉగాదికి ముందు కొట్టు ముందర నిలబడుకొని కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు మనిషి. ఈమె అన్నం తినేది లేదు, నిద్ర పోయేది లేదు, ఆ బోర్డు దిక్కే చూస్తా ఉండాదని. నేను చూడలేక ఇచ్చినా."

కండ్లనీళ్ళు. ఆయన. విశాలమ్మ ఆ రెండు మాటలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూసింది. తన తండ్రి పోయిన రోజు, తన కడుపు పోయిన రోజు కూడా ఆమె ఎరగని నీళ్ళు అవి. అవి ఎస్తరమ్మ ముందు కారాయి.

"ఎవరు చెప్పినారు నిన్ను చూడమని?" అని అరిచింది విశాలమ్మ. అరుపు దిబ్బ అవతలి దాకా పోయింది. "నా మొగుడు ఏడిస్తే నాకు చెప్పాల గదా! నువ్వెవరు మొక్కలిచ్చేదానికి?"

అమృతరాజు గొంతు సవరించుకుని, రూలు అందరికీ ఒకటే అన్నాడు. మార్చిన పట్టీ బిళ్ళ దిగుతుంది. తెలిసీ మొక్కలు ఇచ్చినవాళ్ళ బిళ్ళ కూడా దిగాల్సిందే.

"మామా, ఎస్తరమ్మ ఆంటీ పట్టీలో ఏ తప్పూ లేదు," అంది ధన్య.

"మా వదిన కాకపోయింటే వదిలేసేవాణ్ణేమో," అన్నాడు అమృతరాజు. "వదిన గాబట్టే వదల్లేను."

కొట్టు తెరిచే వేళకు లైన్లన్నీ బోర్డు ముందున్నాయి. ఎవరి బిళ్ళ వాళ్ళే తీసుకోవాలి గదా. ఎస్తరమ్మ చెయ్యెత్తి మొదటి మేకు నుంచి తన బిళ్ళ తీసుకుని, చీర కొంగుతో తుడిచి, అమృతరాజు చేతిలో పెట్టింది. ఏడాది పొడుగునా ఇంటి నుంచి బిందెలు మోసిన మనిషి. రాతి మీద ఆమె పేరు ఇక ఉండదు. ఎవరో, "అయ్యో ఎస్తరా," అన్నారు. విశాలమ్మ స్టూల్ ఎక్కి రెండో మేకు నుంచి తనది తీసుకుంది. ఆమెను ఎవరూ అయ్యో అనలేదు. అది కూడా ఆమె గమనించింది.

జూన్ ఐదున రాతి మీద మేరీ పేరు చెక్కారు. మేరీ పనికి రోజూ బెంగళూరు రైలుకు పోయే మనిషి, ఆ రోజు సెలవు దొరక్క రానేలేదు.

తర్వాతి వారం ఎస్తరమ్మ తన దగ్గర మిగిలిన టోకెన్లు పట్టుకుని కొట్టుకొచ్చింది. వెంకటేశయ్య బండి నుంచి బస్తాలు దింపించడానికి వెనక్కి వెళ్ళాడు. గల్లా దగ్గర విశాలమ్మే ఉంది. ఇద్దరూ కాసేపు తక్కెడ వైపు చూశారు.

"బియ్యం," అంది ఎస్తరమ్మ.

విశాలమ్మ తూచింది. ముల్లు సరిగ్గా మధ్యన నిలిచింది. పైన గుప్పెడు వేయలేదు. సంచీలో పోస్తూ, తలెత్తకుండా అడిగింది.

"ఆ రోజు ఏమన్నాడు ఆయన? కండ్లనీళ్ళు పెట్టుకున్న రోజు."

"పోనీలే శెట్టమ్మా. అయిపోయిందాన్ని ఏంటికి?"

"చెప్పు. ఒక్క మాట కూడా వదలొద్దు."

ఎస్తరమ్మ చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "ఇట్లా అన్నాడు. ‘ఎస్తరమ్మా, మా విశాల పెండ్లయి వచ్చిన కొత్తలో ఈ గల్లా దగ్గర కూచుంటే, ఆమె నవ్వు చూసి నాకు తూకం తప్పేది. జాస్తి తూచేసి మా నాయన చేత తిట్లు తినేవాణ్ణి. ఆ నవ్వు చూసి ఎన్నేండ్లో అయింది. కొట్టు పోయినా ఫరవాలేదు, ఆ మొగంలో ఒకసారి నవ్వు చూస్తే చాలు నాకు.’ అంతే అన్నాడు. అని, కండ్లు తుడుచుకొన్నాడు."

విశాలమ్మ చేతిలో సంచీ అలాగే ఉండిపోయింది.

"మా విశాల అన్నాడా?"

"అట్లే అన్నాడు."

"పేరు పెట్టి?"

"పేరు పెట్టే."

పెళ్ళయిన నాటి నుంచి ఆమె ఆ ఇంట్లో "ఇదో" గానే ఉంది. ఇదో, కాఫీ. ఇదో, తలుపేసుకో. తన పేరు ఆయన నోట ఎలా పలుకుతుందో ఆమెకు తెలియదు. ఈ ఇడ్లీలమ్మకు తెలుసు. సంచీ అందిస్తూ ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది, కొట్టాలనో ఇంకోసారి చెప్పించుకోవాలనో ఆమెకే తెలియలేదు.

"ఇంగొకసారి చెప్పు," అంది చివరికి.

ఎస్తరమ్మ మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది. రెండోసారి కూడా ఒక్క మాట తప్పలేదు. బాగా గుర్తుంచుకుంది మహాతల్లి.

ఆమె వెళ్ళిపోయాక వెంకటేశయ్య భుజాల మీది పిండి దులుపుకుంటూ లోపలికొచ్చాడు. విశాలమ్మ గల్లా ముందు నుంచి లేవలేదు. దారికి అడ్డంగా స్టూల్ జరుపుకుని కూర్చుంది.

"ఆమెతో అన్నావంటనే ఒక మాట. నా గురించి."

ఆయన ఆగాడు. "ఏ మాట?"

"నీకు తెలుసు ఏ మాటో. అది నాకు చెప్పు. ఆమెకు చెప్పినట్టే చెప్పు."

వెంకటేశయ్య బయటికి చూశాడు. రోడ్డు మీద ఎవరూ లేరు, తప్పించుకోవడానికి గిరాకీ కూడా లేదు. ఆయన పెదవులు ఒకసారి కదిలాయి. తక్కెడ పళ్ళెంలో నాలుగు బియ్యపు గింజలు మిగిలి ఉంటే ఆయన ఒక్కొక్కటే ఏరి మూటలో వేశాడు. పళ్ళాన్ని తుడిచాడు. ముల్లును సరిచేశాడు.

"ఆమె చెప్పేసింది గదా," అన్నాడు. "ఇంగ నేనేం చెప్పేది?"

అని, ఆమె స్టూల్ పక్కగా ఒదిగి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఏడాది మొత్తంలో విశాలమ్మకు ఎస్తరమ్మ మీద అంత అసూయ ఎప్పుడూ పుట్టలేదు.